గ్రహణపు మొర్రి గల బిడ్డలు – వారి దంతరక్షణ

సూరత్ నగరపు దక్షిణభాగమున ఉధనా, లింబాయత్ ప్రాంతములలో తిరుగువారికి రెండు శబ్దములు తప్పక వినబడును. ఒకటి మరమగ్గముల చప్పుడు. రెండవది ఆ చప్పుడు నడుమ వినవచ్చు తెలుగుమాట. తెలంగాణ జిల్లాలనుండి నేతపని వెదకికొనుచు వచ్చిన కుటుంబములు, అందును ముఖ్యముగా పద్మశాలీలు, అనేక దశాబ్దములనుండి అచట స్థిరపడియున్నారు. వారి పిల్లల కొఱకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలను నడుపుచున్నది. పండుగకో, పెండ్లికో, కాన్పునకో స్వగ్రామమునకు పోవలసివచ్చినప్పుడు వరంగల్లు మీదుగా పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వారికి చిరపరిచితమైన బండి.

అట్టి యొక యింట గ్రహణపు మొర్రితో ఆడశిశువు జన్మించినదని ఊహించుకొందము. తల్లి మొదట దుఃఖించును. పిమ్మట ధైర్యము తెచ్చుకొనును. మూడు నెలలకు పెదవిని, ఏడాదికి అంగిలిని వైద్యులు కుట్టుదురు. బిడ్డ ముఖము చక్కబడును. "గండము గడచినది, ఇక పిల్లకేమి కొదువ?" అని అవ్వ దిష్టి తీయును. ఆస్పత్రి కాగితములు పెట్టె యడుగునకు చేరును. ఆరేడు సంవత్సరములు గడచును. పిల్ల బడికి పోవుచుండును. కాని ఉపాధ్యాయిని ప్రశ్న వేసినచో చేతితో నోరు కప్పుకొని మౌనముగా నిలుచును. ముందుపండ్లలో ఒకటి మెలిదిరిగి యున్నది. ఒకటి అంగిలిలో మొలచినది. రెండు నల్లబడి పుచ్చినవి. "పాలపండ్లే గదా, ఊడిపోవునులే" అని తండ్రి సమాధానపడును.

తల్లిదండ్రులు ఈ బిడ్డకు చేయవలసినది చాలవరకు చేసిరి. వారి ప్రేమయందు లోపము లేదు. వారికి తెలియనిది ఒక్కటే: పెదవి కుట్టుటతో చికిత్స ముగియదు, అది ఆరంభము మాత్రమే. మొదటి పాలపన్ను మొలచిననాటినుండి పదునెనిమిదేండ్లు నిండువరకు ఈ బిడ్డ పండ్లను కనిపెట్టి యుండవలెను. ఆ సంగతిని సవిస్తరముగ తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొర్రి ఏల కలుగును?

మన భాషలో దీనికి గ్రహణపు మొర్రి యని పేరు. గర్భిణి గ్రహణము చూచుట వలన, లేదా గ్రహణవేళ కూరగాయలు తఱుగుట వలన, బిడ్డ పెదవి చీలునను నమ్మకము ఆ పేరులోనే యిమిడియున్నది. గుజరాతు దేశమునను ఇట్టి నమ్మకము లేకపోలేదు. ఇది నిజము కాదు. సూర్యచంద్రుల గ్రహణములకును బిడ్డ పెదవికిని ఎట్టి సంబంధమును లేదు.

తల్లి గర్భమున నాలుగవ వారమునుండి ఏడవ వారము లోపల శిశువు పై పెదవి ఏర్పడును. ఆరవ వారమునుండి తొమ్మిదవ వారము లోపల అంగిలి ఏర్పడును. ఇరుప్రక్కలనుండి పెరిగి వచ్చు కణజాలము మధ్యలో కలిసికొనవలెను. ఏ కారణముననో కలియనిచో అచట చీలిక మిగిలిపోవును. పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమను సంగతియే సరిగా తెలియని దినములలో ఇది జరిగిపోవును. ప్రపంచమున సుమారు 700 నుండి 1000 జననములలో ఒకటి ఇట్టిదని వైద్యుల లెక్క. ఒకప్రక్క మాత్రమే చీలినప్పుడు అది తఱచు ఎడమప్రక్కనే యుండును.

వంశపారంపర్యము కొంత, పరిసరముల ప్రభావము కొంత కలిసి ఇది కలుగును. పెక్కు సందర్భములలో ఇదియే కారణమని వ్రేలెత్తి చూపుటకు వీలులేదు. గర్భిణీదశలో పొగాకు, మద్యము, మూర్ఛరోగమునకు వాడు కొన్ని మందులు ఈ అపాయమును హెచ్చించునని తెలియవచ్చినది. అట్లని మూర్ఛమందులను స్వయముగా మానివేయరాదు. గర్భము ధరించుటకు ముందే వైద్యుని సంప్రదించవలెను. గర్భమునకు ముందునుండి ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వాడుట ప్రతి స్త్రీకిని మేలు. కాని పుట్టిన బిడ్డను చూచి తల్లిని నిందించుట అన్యాయము. ఆమె చేసిన తప్పేమియు లేదు.

మొర్రికిని పండ్లకును గల సంబంధము

చాలమంది మొర్రిని పెదవికి సంబంధించిన లోపముగా మాత్రమే తలంతురు. అద్దములో కనబడునది పెదవి. కనబడనిది దాని వెనుకనున్న ఎముక. పై పండ్లు నాటుకొనియుండు ఎముకగట్టు కూడ పెక్కుమంది బిడ్డలలో చీలియుండును. తోటలో గట్టు తెగినచోట మొక్క నిలువనట్లే, ఎముక లేనిచోట పన్ను నిలువదు.

పైగా పంటి మొగ్గలు గర్భమున ఆరవ వారము నాటికే ఏర్పడనారంభించును. అనగా పెదవియు, అంగిలియు, పండ్లును ఇంచుమించు ఒకేకాలమున, ఒకేచోట రూపుదాల్చును. అచట అల్లిక తప్పినచో పండ్లకు కూడ ఆ తప్పు సోకును. అందుచే ఈ బిడ్డలలో దంతవైద్యులు సాధారణముగా చూచు లోపములు ఇవి:

చీలిక ప్రక్కన, అనగా ముందున్న పెద్దపంటికిని కోరపంటికిని నడుమ, ఉండవలసిన చిన్నపన్ను మొలవకపోవచ్చును. ఇది అన్నిటికంటె తఱచుగా కనబడు లోపము. మొలచినను మేకువలె సన్నమై యుండవచ్చును. కొందఱికి అదే స్థలమున ఒకటికి రెండు పండ్లు మొలచును. వానిలో ఒకటి అంగిలివైపు పోవచ్చును.

చీలికను ఆనుకొనియున్న ముందుపన్ను మెలిదిరిగి యుండవచ్చును. దానిపై తెల్లని గట్టిపొర, అనగా పింగాణీ పొర, కొన్నిచోట్ల పలుచనై, గరుకుగా, పసుపు మచ్చలతో ఉండవచ్చును. అట్టిపన్ను త్వరగా పుచ్చును.

పండ్లు ఆలస్యముగా మొలచుట కలదు. పై దవడ ఇరుకై, వెనుకకు తగ్గి పెరుగుటచే, నోరు మూసినప్పుడు పైపండ్లు క్రిందిపండ్లకు లోపలగా కూర్చొనుట కలదు. దీనికి దవడనిర్మాణము కొంత కారణము. శస్త్రచికిత్స చేసినచోట కట్టిన మచ్చ బిగిసి ఎదుగుదలను ఆపుట మఱికొంత కారణము. అంతమాత్రముచే శస్త్రచికిత్స మానరాదు. అది లేనిచో బిడ్డ పాలు త్రాగుటకు, మాటలాడుటకు కష్టపడును. ఎదుగుదలలోని లోటును తరువాతి చికిత్సలు సరిచేయును.

పుచ్చు ఏల హెచ్చుగా పట్టును?

మొర్రి గల బిడ్డల పండ్లు ఇతరుల పండ్లకంటె హెచ్చుగా పుచ్చుటకు కారణములు పెక్కు కలవు. వంకరపండ్ల సందులలో ఆహారము నిలుచును. కుట్టిన పెదవి బిగువుగా నుండుటచే దానిని ఎత్తి లోపల శుభ్రపరచుట కష్టము. పాలు త్రాగుటకు చాలసేపు పట్టుటచే పండ్లు ఎక్కువకాలము పాలలో తడిసియుండును. అంగిలిలో చిన్నరంధ్రము మిగిలియున్నచో అందులో మెతుకులు చిక్కుకొనును. నోటితో శ్వాస తీయు బిడ్డకు నోరు ఎండుటచే లాలాజలము తగ్గును. లాలాజలము పండ్లకు సహజమైన రక్ష.

ఇవి శరీరమునకు సంబంధించిన కారణములు. తల్లిదండ్రుల మనస్సునకు సంబంధించినవి రెండు కలవు. మొదటిది భయము. కుట్టినచోట బ్రష్షు తగిలిన మరల చీలునేమో యని తల్లి ఆ ప్రక్కను తాకదు. ఫలితముగా శ్రద్ధ ఎక్కువ అవసరమైనచోటనే శ్రద్ధ తక్కువగును. రెండవది జాలి. ఆస్పత్రి బాధలు పడిన బిడ్డ యని అడిగినప్పుడెల్ల బిస్కెట్టు, చాక్లెట్టు చేతిలో పెట్టుదురు. పండుగనాడు సూరత్ ఘారీయో, ఇంటివద్దనుండి వచ్చిన సకినాలో గారెలో భోజనముతోపాటు తినిన తప్పులేదు. దినమంతయు కొంచెము కొంచెముగా తీపి చప్పరించుటయే పండ్లకు శత్రువు. తీపి తినినప్పుడెల్ల నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లమును తయారుచేయును. ఆ ఆమ్లము పంటిపొరను కరిగించును. ఎంత తీపి తినిరన్నదానికంటె ఎన్నిమార్లు తినిరన్నది ముఖ్యము.

మొదటి పంటికి ముందు

అంగిలి చీలిన శిశువు చనుబాలను పీల్చుకొనలేకపోవచ్చును. తల్లిపాలను శుభ్రమైన పాత్రలోనికి పిండి, మన అవ్వలు వాడిన ఉగ్గుగిన్నెతోనో చిన్న చెంచాతోనో పట్టవచ్చును. బిడ్డను పరుండబెట్టక, తల ఎత్తి, నిటారుగా ఒడిలో కూర్చుండబెట్టుకొని, కొంచెము కొంచెముగా పోయవలెను. నడుమ నడుమ భుజముపై వేసికొని గాలి వెడలింపవలెను. ముక్కునుండి పాలు వచ్చినను భయపడరాదు. ఒక నిమిషమాగి మరల పట్టవలెను. బిడ్డ బరువు పెరుగుచున్నదా లేదా యని కనిపెట్టుచుండవలెను. బరువు చాలనిచో శస్త్రచికిత్స వాయిదా పడును.

పాలు పట్టిన తరువాత కాచి చల్లార్చిన నీటిలో తడిపిన మెత్తని శుభ్రమైన గుడ్డను వ్రేలికి చుట్టి చిగుళ్ళను మృదువుగా తుడువవలెను. ఇది పండ్లు రాకముందే అలవాటైనచో, తరువాత బ్రష్షును చూచి బిడ్డ బెదరదు.

కొందఱు శిశువులకు మొదటి వారములలోనే అంగిలికి అచ్చు తీసి ఒక పలకను అమర్చి, చీలిన గట్టులను క్రమముగా దగ్గరకు చేర్చు పద్ధతి కలదు. ఇది అందఱికిని అవసరము కాదు. అవసరమో కాదో నిర్ణయించుటకైనను బిడ్డను పుట్టిన కొలదిదినములలోనే వైద్యులకు చూపవలెను. గుండెలో లోపమేదైన ఉన్నదాయని కూడ అప్పుడే పరీక్షింపజేయుట మంచిది. అట్టి లోపమున్నచో పన్ను తీయించుటకు ముందు ఆ సంగతి దంతవైద్యునకు తప్పక చెప్పవలెను.

పాలపండ్ల కాలము

సాధారణముగా ఆరవ నెలకు తొలిపన్ను కనబడును. మూడేండ్లు నిండునప్పటికి ఇరువది పాలపండ్లు పూర్తియగును. మొర్రి ప్రక్కన కొంత ఆలస్యము కావచ్చును. తొలిపన్ను మొలచిననాడే శుభ్రపరచుట ఆరంభింపవలెను. మొదటి పుట్టినరోజు లోపల ఒకసారి దంతవైద్యునకు చూపవలెను.

మెత్తని కుచ్చు గల చిన్న బ్రష్షును ఎన్నుకొనవలెను. తల్లి కూర్చుండి, బిడ్డ తలను తన ఒడిలో నుంచుకొని, ఎడమచేతి వ్రేలితో పై పెదవిని మెల్లగా ఎత్తి, చీలిక ప్రక్కనున్న పండ్లను ముందుగా తోమవలెను. మొదట తోమినచోట శ్రద్ధ నిలుచును. చివరకు మిగిల్చినచో బిడ్డ ఏడ్చుటయు, తల్లి విడుచుటయు జరుగును. శస్త్రచికిత్స జరిగిన వెంటనే కొంతకాలము ఆ ప్రక్క ముట్టరాదని వైద్యులు చెప్పుదురు. ఎన్నాళ్ళో అడిగి తెలిసికొని, ఆ గడువు తీరగానే నిర్భయముగా తోమవలెను. మానిన కుట్టు మెత్తని బ్రష్షు వలన విడిపోదు.

మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత పేస్టు, మూడేండ్లనుండి ఆరేండ్లవరకు బఠానీగింజంత పేస్టు చాలును. అది ఫ్లోరైడు గలదై యుండవలెను. ఇచట ఒక సందేహము తీర్పవలసియున్నది. నల్లగొండ ప్రాంతమునుండి వచ్చిన కుటుంబములకు ఫ్లోరైడనగనే భయము కలుగుట సహజము. అచటి పల్లెలలో నీటిలోని ఫ్లోరైడు మితిమీరి పండ్లు మచ్చలుపడుటయు, ఎముకలు వంకరపోవుటయు వారు కన్నులార చూచినారు. కాని ఏండ్లతరబడి త్రాగిన నీటితో కడుపులోనికి పోవునది వేఱు. గింజంత పేస్టుతో పంటిపై తాకి ఉమ్మివేయబడునది వేఱు. మితమున వాడిన ఫ్లోరైడు పంటిపొరను గట్టిపరచును. బిడ్డ పేస్టును మ్రింగకుండ పెద్దలు దగ్గరనుండి చూచినచో చాలును.

బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు మొదలైన గరుకు వస్తువులతో ఈ బిడ్డల పండ్లు తోమరాదు. అసలే పలుచనైన పొర మఱింత అరగిపోవును. నొప్పి తగ్గునని పొగాకుపొడిని చిగుళ్ళకు రుద్దుట మిక్కిలి ప్రమాదకరము. రాత్రి పాలసీసా నోటిలో నుంచి నిద్రపుచ్చు అలవాటును ఎన్నడును చేయరాదు. రాత్రి పండ్లు తోమిన తరువాత నీరు తప్ప మఱేమియు ఇయ్యరాదు.

"ఊడిపోవు పండ్లకు ఇంత శ్రమ ఏల?" అని అడుగవచ్చును. పాలపన్ను తన క్రింద పెరుగు శాశ్వతదంతమునకు స్థలము కాపాడు కావలివాడు. మొర్రి గల నోటిలో స్థలము ముందే తక్కువ. కావలివాడు ముందుగా పోయినచో ప్రక్కపండ్లు ఆ ఖాళీలోనికి ఒరుగును. శాశ్వతదంతమునకు దారి మూసుకొనిపోవును. ఇంతేకాక, పుచ్చిన పండ్లతో చీముపట్టిన నోటిలో తరువాతి శస్త్రచికిత్సలు చేయుటకు వైద్యులు సమ్మతింపరు.

ఏడవ యేడు

ఆరేడేండ్ల వయస్సున రెండు సంఘటనలు జరుగును. పాలదంతముల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, మొదటి పెద్ద దవడపన్ను మొలచును. తల్లిదండ్రులు దానిని కూడ పాలపన్నేయని తలంతురు. కాదు, అది జీవితాంతము ఉండవలసిన పన్ను. దాని పైభాగపు లోతైన గీతలలో పుచ్చు త్వరగా పట్టును. ఆ గీతలను దంతవైద్యులు ఒక పూతతో మూసివేయగలరు. అది నొప్పిలేని పని.

రెండవది, ముందుపండ్లు వంకరగా దిగుట. వానిని చూచి కలతపడి, అడ్డముగా నున్న పన్నును వెంటనే పీకించుట పొరపాటు. పన్ను ఉన్నంతకాలము దాని చుట్టునున్న ఎముక నిలిచియుండును. పన్ను పోయిన ఎముక తఱుగును. ఈ బిడ్డలకు ఆ ప్రక్కన ఎముక ముందే కొఱత. కావున ఏ పన్ను ఉంచవలెనో, ఏది ఎప్పుడు తీయవలెనో ఎక్స్‌రే చూచి, శస్త్రచికిత్స చేయు వైద్యులును దంతవైద్యులును కలిసి నిర్ణయింపవలెను. ఆరునెలల కొకసారి చూపించుచున్నచో ఈ నిర్ణయములు సకాలమున జరుగును.

ఎముక నాటు కాలము

ఈ వ్యాసమున పాఠకులు ఒక్కటే విషయము జ్ఞాపకముంచుకొన దలచినచో, ఈ భాగమును జ్ఞాపకముంచుకొనవలెను. పండ్లగట్టు చీలిన బిడ్డకు ఎనిమిదవ యేటనుండి పదునొకండవ యేటిలోపల ఆ చీలికలో ఎముకను నాటవలెను.

సాధారణముగా బిడ్డ తుంటి ఎముకనుండి కొద్దిగా మెత్తని ఎముకను తీసి, చీలికలో నింపి, చిగురుతో కప్పుదురు. 1972లో బాయిన్, శాండ్స్ అను అమెరికా వైద్యులు ఈ పద్ధతిని ప్రకటించినది మొదలు దేశదేశములలో ఇది స్థిరపడినది. కాలనిర్ణయము కోరపంటిని బట్టి యుండును. మొలవబోవు కోరపంటి వేరు సగమునుండి మూడింట రెండువంతుల వరకు పెరిగియున్నప్పుడు ఎముక నాటినచో, ఆ పన్ను కొత్త ఎముకగుండ తనంతట తాను క్రిందికి దిగును. దిగుచు ఆ ఎముకను బలపరచును. గట్టు ఒక్కటియగును. ముక్కునకును నోటికిని నడుమ ముందుభాగమున మిగిలిన రంధ్రము మూసుకొనును. ముక్కు అడుగునకు ఆధారము కలుగును.

ఈ కాలము దాటి, కోరపన్ను ఎముక లేని చీలికలోనికి దిగినచో, దాని వేరునకు పట్టు చాలదు. అట్టిపన్ను కదలి ఊడిపోవు ప్రమాదము కలదు. తరువాత ఎముక నాటుట అసాధ్యము కాదు గాని, సకాలమున నాటినంతటి ఫలితము రాదు. విత్తునకు అదను ఉన్నట్లే దీనికిని అదను కలదు.

ఈ శస్త్రచికిత్సకు ముందు ఇరుకైన పై దవడను వెడల్పుచేయు అమరికను కొంతకాలము పెట్టవలసి రావచ్చును. పుచ్చుపండ్లను బాగుచేయించవలెను. చిగుళ్ళు శుభ్రముగా నుండవలెను; లేనిచో నాటిన ఎముక చీముపట్టి వ్యర్థమగును. అందుచే ఎనిమిదవ పుట్టినరోజు రాకముందే బిడ్డను వైద్యులకు మరల చూపుట మంచిది. పెదవి చక్కగా కనబడుచున్నదని ఈ పరీక్షను మానరాదు. లోపము పెదవి వెనుక నున్నది.

యౌవనము

శాశ్వతదంతములు వచ్చిన పిమ్మట, జనులు క్లిప్పులని పిలుచు తీగెలతో పండ్లను వరుసలోనికి తెత్తురు. మొలవని చిన్నపంటి స్థలమును రెండువిధముల సరిచేయవచ్చును. కోరపంటిని ఆ స్థలమునకు జరిపి దాని రూపమును దిద్దుట ఒకటి. స్థలమును ఉంచి కృత్రిమదంతము నమర్చుట రెండవది. ఎముకలో మర బిగించి అమర్చు పన్నును ఎదుగుదల పూర్తియైన తరువాతనే పెట్టుదురు. పై దవడ మిక్కిలి వెనుకబడినచో దానిని ముందుకు జరుపు శస్త్రచికిత్సయు ఎదుగుదల ఆగిన తరువాతనే. తీగెలు కట్టినన్నినాళ్ళు తోముటలో అశ్రద్ధ చేసినచో తీగెల చుట్టును పుచ్చు పట్టును.

మాటయు పండ్లును

మాట స్పష్టముగ లేకపోవుటకు పండ్లు ఒక్కటే కారణము కాదు. ప, బ, ట, డ, క, గ వంటి వర్ణములకు నోటిలో గాలి నిలువవలెను. అంగిలి సరిగా మూసికొననిచో గాలి ముక్కుగుండ పోవును. అప్పుడు "బాబు" అన్న మాట "మాము" వలె వినబడును. ఇది అంగిలికి సంబంధించినది. మాటలు నేర్పు నిపుణులకును, శస్త్రచికిత్స చేసిన వైద్యులకును చూపవలెను. స, శ, ఫ వంటి ధ్వనులు చెడుటకు ముందుపండ్ల అమరిక కారణము కావచ్చును. ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ వినుటచే బిడ్డకు మాట తడబడుచున్నదని కొందఱు తలంతురు. రెండు మూడు భాషలు వినుట వలన ఈ దోషము కలుగదు. ఇంట తల్లిభాషలో మాటలాడుట మానవలసిన పనిలేదు.

ఊరు మారినను కాగితము పోరాదు

సూరత్‌లోని తెలుగు కుటుంబములకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. కాన్పు పుట్టినింట, పెదవిచికిత్స హైదరాబాదులో, అంగిలిచికిత్స సూరత్‌లో, పండ్లనొప్పికి మందు ఎచట నున్న అచట – ఇట్లు ఒక్క బిడ్డ చికిత్స రెండు రాష్ట్రములలో చెదరిపోవును. ఎచటి వైద్యునకును పూర్తి చరిత్ర తెలియదు. పదియేండ్ల నాటికి ఎముక నాటవలెనని జ్ఞాపకము చేయువారు ఎవరును ఉండరు.

దీనికి మందు ఒక సంచి. బిడ్డ పేరు వ్రాసిన ఒక సంచిలో శస్త్రచికిత్స చీటీలు, ఎక్స్‌రే పటములు, పండ్ల అచ్చులు తీసిన తేదీలు, వాడిన మందులు, బరువు లెక్కలు అన్నియు ఉంచవలెను. సెల్‌ఫోనులో వాని చిత్రములు తీసి ఉంచుకొనుట ఇంకను క్షేమము. ఊరికి పోవునప్పుడు బట్టలతోపాటు ఆ సంచియు బండి యెక్కవలెను.

సూరత్‌లో మజూరాగేటు కడ ప్రభుత్వ వైద్యకళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ హాస్పిటల్ కలదు. ఉమర్‌వాడాలో నగరపాలక సంస్థవారి స్మీమేర్ ఆస్పత్రి కలదు. ఈ రెంటిలో దేనికైనను పోయి, అచటినుండి తగిన నిపుణునకు చీటి వ్రాయించుకొనవచ్చును. గుజరాతీలో చీలిన పెదవిని "ఫాటేలో హోఠ్" అనియు, అంగిలిని "తాళవుం" అనియు, పంటిని "దాంత్" అనియు అందురు. ఈ మూడు మాటలు తెలిసియుండుట కొత్తవారికి ఉపకరించును. అహమ్మదాబాదులోను, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు.

2013 ఫిబ్రవరిలో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుకనుండి పదునెనిమిదేండ్లవరకు పిల్లలను పరీక్షించు ఏర్పాటు కలదు. ఆ పరీక్షలో చూడవలసిన ముప్పది లోపములలో పెదవి, అంగిలి చీలికయు, పండ్లజబ్బులును రెండును చేరియున్నవి. ఆరేండ్లలోపు పిల్లలను అంగన్‌వాడీలోను, పెద్దపిల్లలను ప్రభుత్వ పాఠశాలలలోను పరీక్షింతురు. వైద్యబృందము వచ్చిననాడు బిడ్డను బడి మాన్పించక, ముందే ఉపాధ్యాయులకు బిడ్డ సంగతి తెలిపియుంచవలెను. 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు గల కుటుంబములు సొంత రాష్ట్రము వెలుపల, పథకమున చేరిన ఆస్పత్రులలోను దానిని వాడుకొనవచ్చును. ఏయే చికిత్సలు అందులో చేరునో ఆస్పత్రిలో ముందుగా అడుగవలెను. 1999లో ఏర్పడిన స్మైల్ ట్రెయిన్ అను సంస్థ మన దేశమున పెక్కు ఆస్పత్రులలో మొర్రి శస్త్రచికిత్సలను ఉచితముగా చేయించుటకు తోడ్పడుచున్నది. కావున డబ్బు లేదని అదను తప్పనీయరాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. గ్రహణము వలన మొర్రి కలుగదు; తల్లిని నిందింపరాదు.

2. తొలిపన్ను మొలచిననాటినుండి రోజునకు రెండుమార్లు తోమవలెను. చీలిక ప్రక్కను ముందుగా తోమవలెను. ఏడెనిమిదేండ్లవరకు పెద్దలే తోమవలెను, లేదా దగ్గరనుండి తోమింపవలెను.

3. తీపిని భోజనముతోపాటు ఇయ్యవలెను. నడుమ నడుమ ఇయ్యరాదు. పాలసీసాతో నిద్రపుచ్చరాదు.

4. మొదటి పుట్టినరోజు లోపల దంతవైద్యునకు చూపి, పిమ్మట ఆరునెలల కొకసారి చూపవలెను.

5. ఎక్స్‌రే లేక, వైద్యబృందము సలహా లేక, చీలిక ప్రక్కనున్న పన్నును పీకింపరాదు.

6. ఎనిమిదేండ్లు నిండకముందే ఎముక నాటు విషయమై అడుగవలెను.

7. కాగితముల సంచి బిడ్డతోపాటు ప్రయాణము చేయవలెను.

నేతగాండ్రకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. మగ్గముపై ఒక్క పోగు తెగినచో అప్పుడే ముడివేయుదురు. బట్ట పూర్తియైన పిమ్మట చూచుకొందమని విడువరు. బిడ్డ పండ్ల విషయమునను అట్లే సకాలమున శ్రద్ధ చూపినచో, తరగతిలో ఆ పిల్ల చేయి నోటికి అడ్డముగా కాక, జవాబు చెప్పుటకు పైకి లేచును.